రామదాసు లెక్కలు, మన ఇంటి గొడవలు

ప్రియమైన పిల్లలకు,

ఎవరో ఎప్పుడో కట్టిన పాట వినగానే పెద్దవాళ్ళు అది తమ కోసమే పుట్టినట్టు అయిపోతారెందుకని అడిగారు కదా. దానికి భద్రాచల రామదాసు పాటల కన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి, ఇప్పటి ఖమ్మం జిల్లాలో ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ తానీషా పాలనలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. పన్నుల సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని ఖైదు చేశారు. గోల్కొండ కోటలో ఆ బందిఖానాను ఇప్పటికీ చూపిస్తారు.

అక్కడ పాడుకున్నాడని చెప్పే ‘ఇక్ష్వాకు కులతిలక’ నన్నడిగితే సగం కీర్తన, సగం ఖర్చుల చిట్టా. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, దానికి పదివేల వరహాలు పట్టింది అని దేవుడికే లెక్క అప్పజెప్తాడు. భరతుడికి పచ్చల పతకమట, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడట. చివరికి ఒళ్ళు మండి, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావంటాడు! ఆ వెంటనే, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని బతిమాలుకుంటాడు.

మా నాన్న గుడీ కట్టించలేదు, జైలుకీ వెళ్ళలేదు. అయినా ఆ పాట ఆయనదే. చెల్లెళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేసి, అప్పులు తీర్చేసరికి జుట్టు నెరిసిపోయింది. పండక్కి వచ్చిన అత్తయ్యలు పెట్టిపోతల్లో ఏదో తక్కువైందని మొహం ముడుచుకుని వెళ్ళారంటే, ఆ సాయంత్రం పెరట్లో చింతాకు పతకం చరణం వినబడేది. ఆ కోపం రాముడి మీద కాదని అందరికీ తెలుసు. అమ్మ వంటింట్లో నవ్వుకునేది. నేరుగా అంటే చుట్టరికం చెడే మాటలు అలా బయటికి పోయేవి.

రామదాసు ఊరికే ‘చాలా ఖర్చు పెట్టాను’ అని ఊరుకుంటే నాన్నకు ఆ పాట పట్టేది కాదని నాకనిపిస్తుంది. ఫలానా నగ, ఫలానా ఖరీదు అని ఆయన చెప్పుకుపోతుంటేనే వినేవాడికి తన బాకీలు గుర్తొస్తాయి.

‘నను బ్రోవమని చెప్పవే సీతమ్మ తల్లి’ మాకు సినిమా డబ్బుల పాట. నాన్నను అడిగే ధైర్యం లేక అమ్మ చుట్టూ తిరుగుతూ పాడేవాళ్ళం. ‘పలుకే బంగారమాయెనా’ సంగతి చెప్పక్కర్లేదు, అలిగి కూర్చున్న వాళ్ళ మీద ఎన్ని ఇళ్ళలో విసిరి ఉంటారో.

1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. పొద్దున్నే భక్తిరంజని వచ్చేది. ఒకే పాట, ఒకే గొంతు, ఒకే సమయానికి వీధంతా మోగేది. కానీ ఒకింట్లో అది పరీక్షల టెన్షన్‌తో, పక్కింట్లో కాఫీ వాసనతో, ఆ పై ఇంట్లో కొత్త కోడలి బెంగతో కలిసిపోయేది. వింటున్నప్పుడు చుట్టూ ఉన్నదాన్ని కూడా మనసు పాటతో పాటే దాచుకుంటుంది. పదేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా విన్న పాటలే జీవితాంతం గట్టిగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా అంటారు. అంటే మీరిప్పుడు వింటున్నవే. (వాటిలో కొన్నింటిని తలుచుకుంటే నాకు భయమే.)

నాకున్న అనుమానం ఒక్కటే. ఎవరి ఇయర్‌ఫోన్స్ వాళ్ళు పెట్టుకుంటే, నాన్న చరణానికి అమ్మ నవ్వినట్టు నవ్వేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? సెలవులకు వచ్చినప్పుడు మీ పాటలు స్పీకర్‌లో పెట్టండి. నచ్చకపోతే మొహం మీదే చెప్తాను.

మీ అమ్మమ్మ