మట్టి కుప్ప చూసి బోను కొనకండి: పొలం ఎలుకల బోనులు, పొగ యంత్రాలపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో వంశధార పక్కన కాశీనగర్ నుంచి గుణుపురం దాకా, ఇటు పర్లాకిమిడి చుట్టూ మహేంద్రతనయ కింద పండే మడుల్లో, వరి పిలక తొడిగే రోజులకల్లా గట్ల మీద మెత్తటి మట్టి కుప్పలు లేస్తాయి. కన్నం కనపడదు, కుప్ప ఒక్కటే కనపడుతుంది. ఆ కుప్ప ఫొటో ఫోనులో పెట్టి వెతికితే వచ్చే జవాబు ‘మోల్’, అంటే నేల కింద సొరంగాలు తవ్వే ఒక చిన్న జంతువు. వెంటనే ‘మోల్ ట్రాప్’ అంటూ అమ్మకాల వరస. డబ్బు దండగయ్యేది ఇక్కడే.

అపోహ: గట్టు మీద కుప్ప లేపేది మోల్. కాబట్టి మోల్ బోనే కొనాలి.

వాస్తవం: మన పొలాల్లో మోల్ లేదు. దేశంలో అది ఉండేది హిమాలయాల దిగువన, ఈశాన్య రాష్ట్రాల్లో. వానపాములు, పురుగులు తిని బతుకుతుంది, వరి గింజతో దానికి పని లేదు. మన గట్టును తవ్వేది చిన్న పందికొక్కు. దీన్ని ఇంగ్లీషు పుస్తకాలు ‘ఇండియన్ మోల్ ర్యాట్’ అని కూడా రాశాయి, గందరగోళం అక్కడ మొదలైంది. ‘బాండికూట్’ అనే ఇంగ్లీషు మాటేమో మన ‘పందికొక్కు’ నుంచే వెళ్లింది. మన మాట ఊరంతా తిరిగి ఇంటికొచ్చేసరికి జంతువే మారిపోయింది!

మోల్ కోసం చేసిన కత్తెర బోను రెండు అంగుళాల సొరంగంలో ఇమిడేలా ఉంటుంది. పందికొక్కు కన్నం అంతకంటే వెడల్పు, అడుగు నుంచి రెండడుగుల లోతు. పైగా మన రేగడి బురద దవడల మధ్య ఇరుక్కుంటే స్ప్రింగు సగంలోనే ఆగిపోతుంది. నేల మీంచి గుచ్చే మేకుల బోను కూడా పైపైనే సాగే మోల్ సొరంగానికి తప్ప గట్టు లోపలి కన్నానికి అందదు.

ఇంకొకటి. పొడుగు ముక్కుతో కీచుమంటూ గోడ వెంట పరుగెత్తే చుంచును చూసి ‘మోల్ పిల్ల’ అనుకునేవారున్నారు. మోల్‌కి అది దూరపు చుట్టమే కానీ, తినేది బొద్దింకల్ని, పురుగుల్ని. బోనులో పడితే వదిలేయండి.

అపోహ: ఎన్ని కన్నాలుంటే అన్ని ఎలుకలు, అన్ని బోనులు కావాలి.

వాస్తవం: కన్నాల్లో సగం పీతలవి కావచ్చు, పాతబడి ఖాళీ అయినవి కావచ్చు. పీత కన్నం గుండ్రంగా ఉంటుంది, అంచున తడి మట్టి ఉండలు పేర్చినట్టుంటాయి, లోపల నీళ్లు తగులుతాయి. పందికొక్కు కన్నం నోటికి పొడిపొడి మట్టి కుప్ప అడ్డం ఉంటుంది, చుట్టుపక్కల ఏటవాలుగా కొరికిన వరి దుబ్బులు పడి ఉంటాయి. చిట్టెలుకది బొటనవేలు దూరేంత చిన్నది. మెట్ట చేలో, ఇసుక నేలలో కనపడే తోక చివర కుచ్చున్న ఎలుక వేరే రకం, దాని కన్నం సాధారణంగా గట్టు మీద కాకుండా చేలోనే ఉంటుంది.

లెక్క తేల్చడానికి ఒక సాయంత్రం చాలు. కనపడ్డ ప్రతి కన్నాన్నీ తడి మట్టితో మూసి, పక్కన పుల్ల గుచ్చండి. తెల్లారి తెరుచుకున్నవే బతికున్న కన్నాలు. ఎదిగిన పందికొక్కులు కన్నానికొకటే ఉంటాయి, తల్లీపిల్లలుంటే తప్ప. ఒక్క కన్నానికే రెండు మూడు నోళ్లుంటాయి కాబట్టి తెరుచుకున్నవి పన్నెండయితే జంతువులు అయిదారే ఉండొచ్చు. ఈ లెక్క చేతిలో లేకుండా సంతలో మూషా జంతాలు (ఎలుక బోనులు) బేరమాడటం వల్ల ప్రయోజనం లేదు.

అపోహ: స్ప్రింగు ఎంత గట్టిదయితే బోను అంత మంచిది.

వాస్తవం: ఎక్కువ బోనులు చెడిపోయేది స్ప్రింగు దగ్గర కాదు, మీట దగ్గర. దుకాణంలోనే ఎక్కుపెట్టి, చీపురు పుల్లతో ఎర పలకను మెల్లగా తాకండి. అయిదు సార్లు తాకితే అయిదు సార్లూ కొట్టాలి. తర్వాత ఎక్కుపెట్టిన బోనును బల్ల మీద పెట్టి, పక్కన బల్లను అరచేత్తో చరచండి. అప్పుడు కొట్టకూడదు. ఈ రెండింట్లో ఒకటి తప్పినా వెనక్కిచ్చేయండి. మీట చివర వంపు మరీ ఎక్కువైతే ఎలుక ఎర మొత్తం నాకి పోయినా బోను కదలదు. మరీ తక్కువైతే రాత్రి గాలికే పేలి పొద్దున్నకి ఖాళీగా కనపడుతుంది. కొనుక్కున్నాక ఆ వంపును పటకారుతో కొంచెం సరిచేసుకోవచ్చు.

తర్వాత కొట్టే తీగ. అది పలక మీద పడి ఉన్నప్పుడు కింద సన్న కాగితం దూర్చి లాగండి. ఎడమ వైపూ కుడి వైపూ ఒకేలా పట్టుకుని ఉండాలి. ఒక వైపు కాగితం జారి వచ్చేస్తోందంటే తీగ వంకర పోయింది, మెడ మీద పడాల్సిన దెబ్బ తోక మీద పడుతుంది. పందికొక్కుకి సుమారు 3 మిల్లీమీటర్ల మందం తీగ ఉండాలి, పలక జానెడు పొడవైనా ఉండాలి. చిట్టెలుకల కోసం అమ్మే అరచేతిలో పట్టే బోనును పందికొక్కు లాక్కుపోతుంది.

బోను పలక చెక్కదైతే వానాకాలపు గట్టు మీద వారానికే ఉబ్బుతుంది, మేకులు వదులవుతాయి, మీట వరస తప్పుతుంది. ఇంట్లో వాడటానికి అది చాలు. పొలానికి గాల్వనైజ్డ్ రేకుదో, గట్టి ప్లాస్టిక్‌దో తీసుకోండి, లేదంటే చెక్కకి వార్నిష్ రెండు పూతలు వేసి ఎండబెట్టండి.

పెట్టే తీరు మీదే సగం ఫలితం. ఎలుక గట్టు మొదలు వెంట నడుస్తుంది, మడి నడిమికి ఊరికే రాదు. బోనును గట్టుకు అడ్డంగా, ఎర పలక గట్టు వైపుండేలా పెట్టండి. తీగతో మేకుకి కట్టేయండి, లేకపోతే ముంగిసో కుక్కో బోనుతో సహా మోసుకుపోతుంది. పైన గూనపెంకు ఒకటి బోర్లిస్తే వాన తగలదు, పిట్టలు పడవు.

అపోహ: ఒక ఎలుక చచ్చిన బోనులో ఇంకోటి పడదు. అందుకే సబ్బుతో కడగాలి.

వాస్తవం: ఎలుకకి బెదురు చావు వాసన మీద కాదు, కొత్త వస్తువు మీద. నిన్నటిదాకా లేని ఇనప పెట్టె దారిలో కనపడితే రెండు మూడు రాత్రులు చుట్టూ తిరిగిపోతుంది. అందుకే ఇనప బోనైతే మొదటి రెండు రాత్రులు తలుపు తెరిచి కట్టేసి, లోపల ఎర పెట్టి వదిలేయాలి. మూడో రాత్రి ఎక్కుపెట్టాలి. తోటి ఎలుక వాసనున్న బోనులోకి ఇంకా ధైర్యంగానే వస్తాయి. ఘాటు సబ్బు, కిరోసిన్ మాత్రం వద్దు. రక్తం, పేడ అంటితే నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి చాలు.

ఇనప బోను కొనేటప్పుడు దాన్ని తలకిందులు చేసి చూడండి. తలుపు దానంతటదే ఊడి వచ్చిందంటే గడియ లేదన్నమాట, లోపలి జంతువు మూతితో ఎత్తుకుని పోతుంది. జల్లెడ కన్ను అర అంగుళం మించితే చిట్టెలుకలు జారిపోతాయి. కడ్డీలు మెలిపెట్టి కట్టినవి కాకుండా వెల్డింగ్ చేసినవి చూసుకోండి. చిన్న పందికొక్కు పావు కిలో అటూ ఇటూ ఉంటుంది. గాదెల దగ్గర తిరిగే పెద్ద పందికొక్కు కిలో దాకా తూగుతుంది, దానికి అడుగున్నర పొడవు పెట్టె కావాలి. ఒక్క రాత్రిలో చాలా ఎలుకల్ని పట్టే ‘వండర్ ట్రాప్’ గింజల కొట్టుకు బాగా పనికొస్తుంది, గట్టుకి కాదు. పట్టినదాన్ని ఊరవతల వదలడమంటే పక్క రైతు పొలంలో వదలడమే.

అపోహ: వెదురు బుట్టలు పాతకాలపువి, కంపెనీ బోనులే మేలు.

వాస్తవం: నీళ్లున్న వరి మడికి వెదురు బుట్టను మించింది ఇప్పటికీ లేదు. గోదావరి జిల్లాల్లో ఈ బుట్టలు పెట్టడమే వృత్తిగా బతికే నేర్పరులున్నారు. బుట్ట నోటి దగ్గర విల్లు, నారి ఉచ్చు, లోపల ఎర పుల్ల. ఎలుక తల పెట్టి ఎర కదిపిందా, విల్లు లేచి నారి మెడకి బిగుస్తుంది. తుప్పు లేదు, బురదలో పట్టేయడం లేదు, విరిగితే ఊళ్లోనే బాగవుతుంది.

మంచి బుట్టకి గుర్తు విల్లు. పచ్చి వెదురుతో చేసింది రెండు రాత్రులు వంచి ఉంచగానే చతికిలబడుతుంది. బద్దను వంచి వదిలితే టప్పున నిటారుగా రావాలి. నారి నూలుదైతే మంచుకి నాని సాగుతుంది, పురిపెట్టిన నైలాన్ మేలు. ఎకరాకి 20 బుట్టలకి తగ్గకుండా సాయంత్రం పెట్టి, పొద్దున్నే తీసేయాలి. పగలు వదిలేస్తే కొంగలూ ఉడతలూ పడతాయి.

ఎర సంగతి ఒక్క మాట. గింజ పాలు పోసుకున్నాక బోనులో ఎండుచేప పెట్టినా, వేయించిన కొబ్బరి పెట్టినా, మురీ (మరమరాలు) పెట్టినా చుట్టూ ఉన్న పంట ముందు దిగదుడుపే. పని నాటుకి ముందు మొదలుపెట్టి, పొట్ట దశకి ముందే ముగించాలి. ఆ తర్వాత ఆడవి ఈనడం మొదలెడతాయి. కడుపుతో ఉండేది మూడు వారాల పైచిలుకే, ఈతకి అరడజను పిల్లలు మామూలు. మీ ఒక్కరి మడిలో పెట్టి పక్కవాళ్లు ఊరుకుంటే వారంలో ఖాళీ కన్నాలు నిండుతాయి. గట్టు కలిసిన రైతులంతా ఒకే రెండు మూడు రోజుల్లో చేయాలి.

అపోహ: కన్నం దగ్గర గడ్డి తగలబెడితే చాలు, పొగ యంత్రం దండగ.

వాస్తవం: పొగ పైకి పోతుంది, కన్నంలోకి తోయాలంటే గాలి కావాలి. చేత్తో తిప్పే పంకా, గడ్డి కుక్కే డబ్బా, గొట్టం, ఇంతే ఆ యంత్రం. కొనేటప్పుడు ఖాళీ డబ్బాకి పంకా తిప్పి, గొట్టం చివర అరచెయ్యి పెట్టండి. గాలి చేతిని నెట్టాలి. డబ్బా మూత దగ్గరో కీళ్ల దగ్గరో గాలి బుసకొడుతుంటే పొగ కన్నంలోకి కాదు, మీ కళ్లలోకి వస్తుంది. గొట్టం డబ్బాని కలిసే చోట ఇనుముదే ఉండాలి, రబ్బరైతే కరిగి ఊడుతుంది. పిడికి చెక్క తొడుగు లేకపోతే పది కన్నాలకే చెయ్యి బొబ్బలెక్కుతుంది.

అడుగున ఎండు గడ్డి, పైన కొంచెం చెమ్మ గడ్డి కుక్కితే మంట లేకుండా దట్టమైన పొగ వస్తుంది. గొట్టం కన్నంలో పెట్టి చుట్టూ మట్టి మెత్తండి. తిప్పుతుంటే అవతల ఎక్కడెక్కడ పొగ లేస్తుందో చూసి ఆ నోళ్లన్నీ వెంటనే మూయాలి, దీనికి రెండో మనిషి తప్పదు. కన్నానికి రెండు మూడు నిమిషాలు తిప్పి, నోరు మూసేయండి. తడి గట్టు మీదే ఇది పనిచేస్తుంది. కోతలయ్యాక పగుళ్లిచ్చిన గట్టులో పొగంతా బయటకే పోతుంది. గడ్డి కుప్పల దగ్గర, కళ్లంలో అసలు వద్దు. ఎలుకల కన్నాల్లో నాగులు కాపురం చేస్తాయి, చెయ్యి పెట్టకండి, పొగకి ముందుగా బయటికొచ్చేది అదే కావచ్చు.

అపోహ: మందు ఉంటే ఈ బోనులన్నీ ఎందుకు?

వాస్తవం: జింక్ ఫాస్ఫైడ్‌ని ఎలుక కొంచెం రుచి చూసి బతికిందంటే ఆ ఎరను చాలాకాలం ముట్టదు. రెండు రోజులు మందు లేని నూకలు అలవాటు చేయకుండా వాడటం వల్లే ఇది జరుగుతుంది. బ్రోమాడయలోన్ 0.25 శాతం పొడి అయితే 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు కలిపి, 10 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి బతికున్న కన్నాల లోపల వేస్తారు. రోజుల తర్వాత గానీ చావవు, ‘పనిచేయలేదు’ అని మర్నాడే ఇంకో మోతాదు వేయకండి. దీనికి విరుగుడు విటమిన్ కె1, జింక్ ఫాస్ఫైడ్‌కి విరుగుడు లేదు. సెల్ఫాస్ బిళ్లలు (విషవాయువు వదిలే అల్యూమినియం ఫాస్ఫైడ్) సొంతంగా వాడేవి కావు.

జిగురు అట్టలు పొలంలో మంచుకీ దుమ్ముకీ త్వరగా మొద్దుబారతాయి. అల్ట్రాసోనిక్ పరికరాల శబ్దం మట్టిలోకి వెళ్లదు, ఇంట్లో కూడా కొన్నాళ్లకి ఎలుకలు అలవాటు పడతాయి. పొలం చుట్టూ కరెంటు తీగ లాగడం నేరం. దాని మీద ముందు పడేది తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి.

బోను విప్పేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి, కాలికి పుండుంటే ఎలుకలున్న మడి నీళ్లలో దిగకండి, ఎలుక జ్వరం వచ్చేది వాటి మూత్రం కలిసిన నీటి నుంచే. చచ్చినవాటిని రెండడుగుల లోతున పాతిపెట్టండి. మందు తిని చచ్చినవాటిని గుడ్లగూబ, పిల్లి తింటే వాటికీ ప్రమాదమే. కోతలయ్యాక స్ప్రింగులకి కొంచెం వంటనూనె రాసి, బుట్టల విల్లు విప్పి, నారి వదులు చేసి అటక మీద పెట్టండి. బిగించి ఉంచిన విల్లు వచ్చే జూన్‌కి ఆ వంపులోనే ఉండిపోతుంది.