ఐ7 అని స్టిక్కర్ ఉంటే గేమింగ్ పీసీ అయిపోదు

సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర పీసీలు బిగించే పని నాది. కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఒకటుంది: "అన్నా, ఐ7 పెట్టెయ్, మిగతాది బడ్జెట్‌లో సర్దుకుందాం." ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక రకం. గేమ్ నడిపే గ్రాఫిక్స్ కార్డు ఆ 'మిగతాది'లోనే ఉంటుంది. ప్రాసెసర్‌కి మదర్‌బోర్డుకి డబ్బంతా పోసి, చివర్లో కార్డుకి చిల్లర మిగుల్చుకున్నవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: ఐ3 కన్నా ఐ5, ఐ5 కన్నా ఐ7 గొప్ప. ఐ7 ఉంటే గేమ్స్ బాగా ఆడతాయి.

ఒకే జనరేషన్‌లో, అంటే ఒకే తరం చిప్‌లలో అయితే ఆ వరస నిజమే. జనరేషన్ మారిందంటే ఆ 7 అనే అంకెను పట్టుకుని లాభం లేదు. ఐ7-2600 వచ్చింది 2011లో. ఐ3-12100ఎఫ్ వచ్చింది 2022లో. రెండింటికీ నాలుగే కోర్లు (పని చేసే భాగాలు), ఎనిమిదే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). ఒక్కో కోర్ వేగం చూస్తే ఆ ఐ3 దాదాపు రెట్టింపు. పైగా పాతదానికి డీడీఆర్3 అనే పాతకాలం ర్యామే దిక్కు. విండోస్ 11 సపోర్ట్ ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచే. విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏవీఎక్స్2 అనే ప్రాసెసర్ ఆదేశాల సెట్‌ని తప్పనిసరి చేసిన కొత్త గేమ్‌లయితే ఆ చిప్ మీద ఓపెనే కావు, ఎందుకంటే ఇంటెల్ దాన్ని ఇచ్చింది 4వ జనరేషన్‌తో. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఐ7 తర్వాత వచ్చే అంకె చదవండి. 2600, 3770 అని నాలుగంకెలుంటే మొదటి అంకె జనరేషన్. 12100, 12400 అని ఐదంకెలుంటే మొదటి రెండూ. అమ్మేవాడు "ఐ7" అని చెప్పి ఆ అంకె చెప్పడానికి నీళ్లు నములుతున్నాడంటే ఇంకేం అడగక్కర్లేదు, వచ్చేయండి.

వేసవి సెలవుల్లో నల్గొండ వైపు నుంచి ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని, క్యాబినెట్‌ని దుప్పట్లో చుట్టుకుని బస్సులో వచ్చారు. ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి కొన్నారట: ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, గేమింగ్ పీసీ. పిల్లాడికి జీటీఏ 5 ఆడాలని ఆశ. సైడ్ ప్యానెల్ తీశాను. ముందువైపు రంగులు మారే ఫ్యాన్లు మిలమిలా మెరుస్తున్నాయి, లోపల ఐ7-2600, పాత హెచ్61 బోర్డు, జీటీ 730 కార్డు. "అయితే ఐ7 అని చెప్పి మోసం చేశాడా సార్?" అని అడిగారాయన. లేదండీ, ఐ7నే ఇచ్చాడు, బాధంతా అదే అన్నాను. పిల్లాడు తలెత్తలేదు, వాడే పట్టుబట్టి కొనిపించాడట. తప్పు వాడిది కాదు, యూట్యూబ్‌లో అందరూ ఐ7 ఐ7 అంటుంటే పదో తరగతి పిల్లాడికి ఏం తెలుస్తుంది?

అలాంటివాళ్లకు నేను చెప్పేది, అంతా పారేయక్కర్లేదు. ఎస్ఎస్‌డీ, క్యాబినెట్, ఫ్యాన్లు ఉంచుకోవచ్చు. ముందు బోర్డు, ర్యామ్, ఏఎండీ ప్రాసెసర్ రైజన్ 5 5600జీ పెట్టుకుంటే లోపలి గ్రాఫిక్స్‌తోనే సెట్టింగ్స్ తగ్గించుకుని జీటీఏ 5, వాలొరంట్ ఆడుకోవచ్చు. మంచి ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా), కార్డు డబ్బులు చేరాక చూసుకోవచ్చు. వాళ్లు అలాగే చేశారు.

కొత్తగా బిగించుకునేవాళ్లకైతే, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఆటకి మానిటర్ కాకుండా పెట్టే డబ్బులో 35 నుంచి 40 శాతం కార్డుకే తీసి పక్కన పెట్టమంటాను. 60 వేలుంటే అందులో 21 నుంచి 24 వేలు ముట్టుకోవద్దు. ఐ5-12400ఎఫ్ గానీ రైజన్ 5 5600 గానీ, పక్కన ఆర్ఎక్స్ 6600 తరగతి కార్డు ఉంటే జోడీ కుదిరినట్టే. రేట్లు మాత్రం కొనే రోజే కనుక్కోండి, వారంలో మారిపోతున్నాయి. ఒక్క మినహాయింపు: వాలొరంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2) లాంటివి 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్లు ప్రాసెసర్‌కి ఎక్కువ పెట్టడం సబబే.

నమ్మకం లేకపోతే మీ ఇంట్లోనే తేల్చుకోండి. వీ-సింక్ (ఫ్రేమ్స్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్), ఫ్రేమ్ లిమిట్ ఆపేసి గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. జీపీయూ (కార్డు) 98 శాతం దగ్గర, సీపీయూ (ప్రాసెసర్) 30 శాతం దగ్గర ఆడుతుంటే కార్డు తన శక్తంతా పెట్టేస్తోందని అర్థం, ఐ9 తెచ్చినా ఫ్రేమ్స్ పెద్దగా పెరగవు. జీపీయూ 50, 60 దగ్గరే ఆగిపోతుంటే అప్పుడు ప్రాసెసర్‌ని అనుమానించండి. వెబ్‌సైట్లలో "మీ బాటిల్‌నెక్ (మిగతావాటిని ఆపేసే భాగం) 17 శాతం" అని చూపించే క్యాలిక్యులేటర్ల స్క్రీన్‌షాట్లు మాత్రం దయచేసి నాకు పంపకండి.

అపోహ: 4 జీబీ కార్డంటే పెద్ద కార్డే.

కాదు. నెమ్మదైన డీడీఆర్3 మెమరీ ఉన్న 4 జీబీ జీటీ 730ని, వేగమైన జీడీడీఆర్5 మెమరీ ఉన్న 2 జీబీ జీటీ 1030 దాటిపోతుంది. ఆర్‌టీఎక్స్ 3050లో కూడా 8 జీబీ, 6 జీబీ రకాలకు తేడా మెమరీ ఒక్కటే అనుకోకండి, 6 జీబీదాంట్లో కోర్లూ తక్కువే.

అపోహ: ఎస్ఎంపీఎస్ ఏదైతేనేం, 450 వాట్లని రాసుందిగా.

పక్కనున్న లేబుల్ చదవండి. 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లని ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లు. కార్డు, ప్రాసెసర్ తినేది ప్రధానంగా ఆ లైను నుంచే. ఆర్ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు లాగుతుంది. పేరున్న కంపెనీ 550 వాట్ల బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్) కొనండి, ఇక్కడ మిగిల్చే రెండు వేలు మిగులు కాదు.

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కన్నా 8, 8 రెండు మేలు. 12400ఎఫ్‌కి లిక్విడ్ కూలర్ అక్కర్లేదు, డబ్బాలో వచ్చేది చాలు.

ఇక "కొత్త పీసీ డెడ్ అయిపోయింది, డిస్‌ప్లే రావట్లేదు" అని రాత్రి పూట వచ్చే ఫోన్లు. టెన్షన్ పడకండి. వెనక మానిటర్ కేబుల్ పైనున్న బోర్డు పోర్టులో పెట్టారేమో చూడండి. ఎఫ్ అని ఉన్న ప్రాసెసర్‌కి లోపల గ్రాఫిక్స్ ఉండవు, ఆ పోర్టులో ఏమీ రాదు. కింద అడ్డంగా ఉన్న కార్డు పోర్టులోకి మార్చండి. అప్పటికీ రాకపోతే ఫోన్ చేయండి, మాట్లాడదాం.