పార్కులు, చెరువులు, ఫుట్‌పాత్‌లు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌గా ఏ కాలనీ మీటింగుకి వెళ్లినా వినిపించే మాటలివి.

అపోహ: చెరువు చుట్టూ కట్ట పోసి వాకింగ్ ట్రాక్ వేస్తే చెరువు బాగుపడినట్టే.

వాస్తవం: చాలాసార్లు చెడేది అక్కడే. మన పాత చెరువులకు కట్ట పల్లం వైపే ఉంటుంది. ఎగువన శిఖం భూమి (చెరువు నిండితే మునిగే నేల) వాలుగా, తెరిచే ఉంటుంది. వాన నీళ్లు అటునుంచి చేరి, నిండాక అలుగు (మిగులు నీళ్లు పొర్లే చోటు) దూకి కింది చెరువుకు పోతాయి. ట్రాక్ కోసం నాలుగు వైపులా కట్ట లేపితే చెరువు గిన్నెలా మారుతుంది. లోపలికి దారిలేని నీళ్లు ఎగువ కాలనీల సెల్లార్లలో నిలుస్తాయి. శిఖం బురదలో తిరిగే కొంగలు కూడా పోతాయి. 2020 అక్టోబరు వానల్లో చూశాం కదా, నీళ్లు పాత దారే వెతుక్కున్నాయి. 10 హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లుండే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్, అంటే కట్టడాల్లేని జాగా, ఉండాలన్నది నిబంధన. ట్రాక్ కావాలంటే అక్కడ, నేల మట్టానికే మట్టిబాట వేయండి. ఏడాదిలో కొన్ని రోజులు మునిగితే మునగనివ్వండి. (ఈ మాట అనగానే అందరి మొహాలూ మాడిపోతాయి.) ఎవరైనా డ్రాయింగ్ చూపిస్తే లైట్లు, బెంచీలు తర్వాత చూడొచ్చు, ముందు నాలా వచ్చి కలిసే చోటు, అలుగు ఎక్కడున్నాయో అడగండి.

అపోహ: ఏ మొక్కైతేనేం, పచ్చగా ఉంటే చాలు.

వాస్తవం: డివైడర్ల మీదికి కోనోకార్పస్ వచ్చింది ఇలాగే. త్వరగా పెరుగుతుంది, పెద్దగా ఆలనాపాలనా అక్కర్లేదు. తర్వాత ప్రభుత్వమే నాటొద్దంది. దాని పుప్పొడితో అలర్జీలొస్తాయన్న గొడవ అలా ఉంచితే, నడుం ఎత్తున కత్తిరించి ఉంచే మొక్క నీడివ్వదన్నది నా అభ్యంతరం. మే నెలలో బస్సు కోసం నిలబడ్డవాళ్లకి వేపో, కానుగో కావాలి.

అపోహ: చెట్టు చుట్టూ టైల్స్ వేస్తే నీట్‌గా ఉంటుంది.

వాస్తవం: మొదలు దాకా సిమెంటు పోస్తే నీళ్లు దిగవు, వేర్లకి గాలి అందదు. ఈదురుగాలికి పడిపోతే చెట్టునే తిడతాం. చుట్టూ కనీసం మీటరు మట్టి వదలండి.

అపోహ: తోపుడు బండ్లు తీసేస్తే పార్కు బాగుంటుంది.

వాస్తవం: గేటు దగ్గర మిర్చి బజ్జీ బండి ఉంటే చీకటి పడ్డాక కూడా ఆడవాళ్లు ధైర్యంగా వస్తారు. బండితో పాటు వెలుతురూ, నలుగురు మనుషులూ పోతారు. పైగా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లని ఖాళీ చేయించకూడదు. డిజైన్‌లోనే వాళ్లకి కాస్త జాగా, ఒక కుళాయి, చెత్తబుట్ట చూపించండి.