సగటు వాన ఎక్కడా కురవదు

పెద్ద కర్మాగారం పక్కనుంచి వెళ్తున్నప్పుడు, నడుము దగ్గర సన్నబడిన కాంక్రీటు గోపురం మీద తెల్లటి మబ్బు లేస్తూ కనిపిస్తే చాలామంది "అబ్బో, ఎంత పొగో!" అంటారు. అది పొగ కాదు, నీళ్లు. ఆ గోపురం కూలింగ్ టవర్. యంత్రాల వేడిని మోసుకొచ్చిన నీళ్లు లోపల పైనుంచి జల్లులా పడుతుంటాయి, కిందినుంచి గాలి ఎదురెక్కుతుంది. ఆ రెండూ తారసపడ్డచోట కొన్ని నీళ్లు ఆవిరై, మిగతా నీళ్లలోని వేడిని తమతో పట్టుకుపోతాయి. చెమట ఆరితే ఒళ్లు చల్లబడటం లాంటిదే ఇదీ. చల్లబడిన నీళ్లు కింద తొట్టిలో చేరి మళ్లీ యంత్రాల దగ్గరికి వెళ్తాయి.

ఒక కిలో నీరు ఇలా ఆవిరవడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఈ లెక్కన 100 మెగావాట్ల వేడిని పూర్తిగా ఇదే దారిలో వదిలించుకోవాలంటే సెకనుకి 40 లీటర్ల పైచిలుకు, రోజుకి దాదాపు 3,600 టన్నుల నీళ్లు గాల్లో కలిసిపోవాలి. కొంత వేడిని గాలి నేరుగానే తీసుకుంటుంది కాబట్టి అసలు అంకె కాస్త తగ్గుతుంది. కానీ పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం వదిలే వేడి 100 మెగావాట్లకు ఎన్నో రెట్లు ఉంటుంది.

ఇప్పుడు ఆ టవర్‌ను మరో ముప్పై ఏళ్లు నడపాలనుకునే ఇంజనీరు ముందు మూడు ప్రశ్నలుంటాయి. అప్పటికి ఇక్కడి గాలి ఎలా ఉంటుంది? నదిలో నీళ్లుంటాయా? అసలు ఇంత వేడిని పారబోసే బదులు వాడుకోలేమా? వీటికి జవాబులు వెతికేవి మోడళ్లు, అంటే కంప్యూటర్ మీద కట్టే లెక్కలు. మొదటిదానికి ప్రాంతీయ వాతావరణ మోడల్, రెండోదానికి జలవనరుల మోడల్, మూడోదానికి ఫ్యాక్టరీ ఉష్ణ మోడల్ ఉన్నాయి. వీటిని చేసేవాళ్లు వేరు, వాళ్ల భాష వేరు. ఒకళ్ల ఫైలు ఇంకొకళ్ల చేతికి మారేటప్పుడే కొంపలు మునుగుతాయని నా అభిప్రాయం. మూడింట్లోనూ "ఎంత" అన్న ప్రశ్నకు జవాబు ఇట్టే దొరుకుతుంది. చిక్కంతా ఎప్పుడు, ఎక్కడ, ఏ స్థాయిలో అన్నదగ్గరే.

వాతావరణం నుంచి మొదలుపెడదాం. భౌతికశాస్త్ర సమీకరణాలతో రాబోయే వాతావరణాన్ని చేత్తో లెక్కగట్టి చూసినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ దళంలో పనిచేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఈ లెక్కలు వేసుకునేవాడు. 1910 మే 20 నాటి యూరప్ కొలతలు తీసుకుని, ఆరు గంటల్లో గాలి పీడనం ఎంత మారాలో కట్టాడు. 145 హెక్టోపాస్కళ్లని తేలింది. ఎంత భయంకరమైన తుపానులోనైనా ఆరు గంటల్లో అంత మార్పు రాదు, ఆ రోజు నిజానికి పీడనం కదిలిందే లేదు. పైగా 1917లో ఆ కాగితాలు యుద్ధంలో పోయి, కొన్ని నెలలకు ఒక బొగ్గు కుప్ప కింద దొరికాయి. ఆయన మాత్రం సిగ్గుపడకుండా ఆ తప్పు అంకెతో సహా 1922లో అచ్చువేయించాడు. చాలాకాలం తర్వాత పీటర్ లించ్ అనే శాస్త్రవేత్త, మొదటి కొలతల్లో గాలికీ పీడనానికీ పొసగని చోట్లను సర్ది మళ్లీ కడితే, మార్పు 1 హెక్టోపాస్కల్ కూడా రాలేదు. అంటే పద్ధతి సరైనదే, చేతికి అందిన ఫైల్లోనే లోపముంది.

ఇప్పటి మోడళ్లూ రిచర్డ్‌సన్ దారిలోనే భూమి మీది గాలిని గళ్లుగా కోస్తాయి. ఒక్కో గడికి ఒకటే ఉష్ణోగ్రత, ఒకటే గాలి, ఒకటే వాన. ప్రపంచ మోడల్లో గడి వెడల్పు 100 కిలోమీటర్ల దాకా ఉండొచ్చు. అంత వెడల్పు గడిలో ఒక కొండల వరుస మొత్తం ఇమిడి, చదునైపోతుంది. నిజంగా అయితే గాలి ఎదురయ్యే వాలు తడిసి ముద్దవుతుంది, అవతలి వాలు ఎండిపోతుంది. మోడల్ ఆ రెంటికీ మధ్యస్థంగా ఒక అంకె ఇస్తుంది. ఆ గడి మొత్తం గాలించినా అంత వాన పడే ఊరు ఒక్కటీ ఉండకపోవచ్చు.

మరి గళ్లు చిన్నవి చేస్తే సరిపోదా అంటే, ఖర్చు దడ పుట్టిస్తుంది. గడి వెడల్పు సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి. గాలి ఒక అడుగులో గడి దాటిపోకూడదు కాబట్టి లెక్కలో కాలపు అడుగు కూడా సగం చెయ్యాలి. మొత్తం ఎనిమిదింతల పని. 100 నుంచి 12.5 కిలోమీటర్లకు రావాలంటే మూడుసార్లు సగం చెయ్యాలి, అంటే 512 రెట్లు. అందుకే ప్రపంచాన్నంతా వదిలి, కావలసిన ముక్కనే చిన్న గళ్లతో లెక్కగట్టి, ఆ ముక్క అంచుల్లోంచి వచ్చే గాలీ తేమా ప్రపంచ మోడల్ నుంచి అరువు తెచ్చుకునే పద్ధతి పుట్టింది. 1989లో అమెరికాలో రాబర్ట్ డికిన్సన్, ఫిలిప్పో జోర్జీ బృందం పశ్చిమ అమెరికా కొండల మీద దీన్ని చేసి చూపించింది. 2009లో మొదలైన కార్డెక్స్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద ఇప్పుడు అన్ని ఖండాలకూ ఇలాంటి లెక్కలున్నాయి.

అరువు సొమ్ముకి ఒక ఇబ్బంది ఉంది. ప్రపంచ మోడల్ తేమగాలిని తప్పు దారిలో పంపిందనుకోండి, ప్రాంతీయ మోడల్ ఆ తప్పునే కొండకొండకీ, లోయలోయకీ ఎంతో ముచ్చటగా విడమర్చి చూపిస్తుంది. మ్యాపు ఎంత నున్నగా ఉంటే జనం అంతగా నమ్ముతారు. ఈ రంగంలో నాకు టెన్షన్ పెట్టేది సూపర్‌కంప్యూటర్ల కొరత కాదు, ఈ అందమే.

12 కిలోమీటర్ల గడికి కూడా ఉరుముల మబ్బు కనపడదు, అది అంతకంటే చిన్నది. కాబట్టి గడిలో మబ్బులు ఎప్పుడు పుడతాయి, ఎంత కురుస్తాయి అన్నది ఒక ఉజ్జాయింపు సూత్రంతో నెట్టుకొస్తారు. ఆ సూత్రాలకు పాత జబ్బు ఒకటుంది: రోజూ కాసింత తుంపర కురిపిస్తాయి, కుండపోతను చిన్నబుచ్చుతాయి. ఏడాది మొత్తం మాత్రం దాదాపు సరిపోతుంది! గడి సుమారు 4 కిలోమీటర్ల లోపుకు దిగితేనే మోడల్ పెద్ద మబ్బును సొంతంగా లేపగలుగుతుంది.

మొత్తం సరిపోతే చాలదా? చాలదు. అమెరికా భూసంరక్షణ విభాగం 1950లలో తయారుచేసిన కర్వ్ నంబర్ పద్ధతి అని ఒకటుంది. వానలో ఎంత నేలలోకి ఇంకుతుంది, ఎంత వాగులోకి పారుతుంది అని చెప్పే ఈ మోటు లెక్క ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. అందులో ఒక్కో నేలకు ఒక నంబరుంటుంది, అది ఎంత పెద్దదైతే నీళ్లు అంత ఎక్కువ పారతాయి. మన నేలకు 75 అనే నంబరు వేసుకుని, 100 మిల్లీమీటర్ల వానను రకరకాలుగా కురిపించి చూద్దాం. ఒక్కరోజే పడితే 41 మిల్లీమీటర్లు వాగులోకి వస్తాయి. మధ్యలో నేల ఆరేంత ఎడమిచ్చి 50 చొప్పున రెండుసార్లు పడితే 19కి లోపే. 25 చొప్పున నాలుగుసార్లయితే 3 కూడా రావు. 5 చొప్పున ఇరవైసార్లయితే సున్నా. వాన అదే, నేల అదే. రిజర్వాయరు నిండటమా ఎండటమా అన్నది వాన పడ్డ తీరు మీద ఆధారపడింది. తుంపర జబ్బున్న మోడల్ ఇచ్చిన వానను నేరుగా నది మోడల్లో పోస్తే, నది కాగితం మీదే ఎండిపోతుంది. భూగర్భజలం కథ మళ్లీ వేరు, దానికి నిదానంగా, నేల తడిసేలా పడే వానే మేలు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగలిగే నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందుకే వేడి లోకంలో కుండపోతలు ముదురుతాయి. పాత వరదల రికార్డు చూసి కొత్త ఆనకట్ట కొలతలు తేల్చే అలవాటు ఇక చెల్లదని నీటి శాస్త్రవేత్త మిల్లీ, ఆయన సహచరులు 2008లో సైన్స్ పత్రికలో గట్టిగానే రాశారు. అయినా ఆ అలవాటు పోలేదు, రికార్డు కళ్లముందుంటుంది కదా.

నదిలో నీళ్లున్నా సరిపోదు, అవి చల్లగా ఉండాలి. 2003 వేసవిలో, మళ్లీ 2022లో, ఫ్రాన్స్‌లో రోన్ నది నీళ్లు ఎంత వేడెక్కాయంటే, వాడిన నీటిని తిరిగి వదిలితే నదిలో జీవాలకు ముప్పని పెట్టుకున్న పరిమితులు అణు విద్యుత్ కేంద్రాలకు అడ్డొచ్చాయి. కొన్నిచోట్ల ఉత్పత్తి తగ్గించారు, కొన్నింటికి తాత్కాలికంగా మినహాయింపులిచ్చారు. నీళ్ల కొలత మాత్రమే చూసిన లెక్కలో ఇది ఎక్కడా పడదు.

ఇక వేడి సంగతి. "ఈ పరిశ్రమ ఇన్ని మెగావాట్ల వేడి వృథా చేస్తోంది" అని పేపర్లో అంకె కనబడితే నాకు చిరాకు. ఎన్ని డిగ్రీల దగ్గరో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 1824లోనే ఫ్రెంచ్ ఇంజనీరు సాదీ కార్నో తేల్చిన సంగతి ఇది. చుట్టుపక్కల 30 డిగ్రీలుంటే, 400 డిగ్రీల దగ్గర దొరికే 100 పాళ్ల వేడి నుంచి అత్యధికంగా 55 పాళ్ల పని తీయొచ్చు. అదే వేడి 45 డిగ్రీల దగ్గర దొరికితే 5 పాళ్లు కూడా రావు. సిమెంటు కిల్న్ (కొలిమి) నుంచి వచ్చే 300–400 డిగ్రీల వాయువులతో టర్బైన్ తిప్పడం గిట్టుబాటయ్యేదీ, కూలింగ్ టవర్ గోరువెచ్చటి నీళ్లతో కాకపోయేదీ ఇందుకే. ఇక్కడే వాతావరణం మళ్లీ వేలు పెడుతుంది. చుట్టూ 30 బదులు 35 డిగ్రీలైతే, 400 డిగ్రీల వేడికి పెద్దగా నష్టం లేదు, 55 కాస్తా 54 అవుతుంది. 45 డిగ్రీల వేడికి మాత్రం ఉన్న కొంచెంలో మూడో వంతు ఎగిరిపోతుంది.

విద్యుత్తు చెయ్యకుండా వేడిని వేడిగానే వాడుకోవడం మేలైన దారి. అందులోనూ మొత్తాలు మోసం చేస్తాయి. ఒక ప్రవాహాన్ని 180 నుంచి 60 డిగ్రీలకు చల్లార్చాలి, డిగ్రీకి అంతే వేడి పట్టే ఇంకోదాన్ని 100 నుంచి 220కి వేడిచెయ్యాలి అనుకుందాం. అటు 120, ఇటు 120, లెక్క కుదిరిపోయింది! కానీ ఒకదాని వేడిని ఇంకోదానికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్‌లో వేడి పైనుంచి కిందికే పారుతుంది, దానికి కనీసం పది డిగ్రీల తేడా ఉంచాలి. కాబట్టి మొదటిది 110కి చల్లారేసరికి ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. 70 పాళ్లే చేతులు మారాయి. మిగిలిన 50 బాయిలర్ ఇవ్వాలి, ఇంకో 50 కూలింగ్ టవర్ మింగాలి. ఆ ఆగిపోయిన చోటుకే పించ్ అని పేరు. 1970లలో ఇంజనీరు బోడో లిన్‌హాఫ్ దీన్ని ఒక పద్ధతిగా మలిచాడు. పించ్ పైన అనవసరంగా 10 పాళ్లు ఎక్కువ కాలిస్తే అవి చివరికి టవర్‌కే చేరతాయి. అంటే ఒక్క పొరపాటుకి ఇంధనం ఒకసారి, నీళ్లు ఇంకోసారి పోతాయి. తిరగేస్తే, హీట్ ఎక్స్ఛేంజర్లు సరిగ్గా అమర్చుకున్న ఫ్యాక్టరీ నీళ్లు కూడా మిగుల్చుకుంటుంది.

ఒక ప్రవాహం పగలు, ఇంకోటి రాత్రి ఉంటే ఈ లెక్కంతా గాలికి పోతుంది, మధ్యలో వేడిని దాచుకునే ట్యాంకు ఉంటే తప్ప.

డెన్మార్క్‌లో కలుంబోర్ అనే ఊరుంది. అక్కడ విద్యుత్ కేంద్రం ఆవిరి రిఫైనరీకీ మందుల కంపెనీకీ, వేడి ఊళ్లోని ఇళ్లకూ పోయేది. దాన్ని చూపించి వేడి పొదుపు పాఠం చెబుతుంటారు. మొదలైంది మాత్రం నీళ్ల కరువుతో. 1961లో భూగర్భజలం చాలదని, రిఫైనరీ కోసం టిస్సో సరస్సు నుంచి పైపు వేశారు. మిగతా ఇచ్చిపుచ్చుకోవడాలు ఆ పైపు తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి.

మళ్లీ మన టవర్ దగ్గరికి వద్దాం. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలిలో తిప్పితే చూపించేది వెట్ బల్బ్ ఉష్ణోగ్రత. టవర్ నీళ్లను అంతకంటే చల్లార్చలేదు. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే వెట్ బల్బ్ సుమారు 23. మబ్బుపట్టి 32 డిగ్రీలే ఉండి, తేమ 80 శాతముంటే 29. అంటే మనకు ప్రాణం పోయే ఎండ టవర్‌కు సుఖం, మనం "ఇవాళ కాస్త నయం" అనుకునే ఉక్కరోజు దానికి గండం. ఈ సంగతి తెలియాలంటే వేడి, తేమ రెండూ గంటగంటకీ జతగా కావాలి. రోజు సగటుతో పని జరగదు.

మోడల్ ఇచ్చే అంకెలు నేల మీది కొలతలతో అచ్చంగా కలవవు కాబట్టి వాటిని సరిచేసి గానీ ఇంజనీర్లకు ఇవ్వరు. తరచూ ఉష్ణోగ్రత కాలమ్‌ను ఒకరకంగా, తేమ కాలమ్‌ను ఇంకోరకంగా, విడివిడిగా సరిచేస్తారు. ఏ కాలమ్‌కు ఆ కాలమ్ సగటు చక్కగా కుదురుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఎక్కడో ఒక మధ్యాహ్నం 38 డిగ్రీల వేడి, 104 శాతం తేమ అని కనబడుతుంది. దాన్ని 100కి కత్తిరించి ముందుకుపోతే ఆ గంట వెట్ బల్బ్ 38 అవుతుంది. భూమ్మీద అలాంటి మధ్యాహ్నాన్ని ఎవరూ చూసి ఉండరు. టవర్ ఎంత పెద్దది కట్టాలో మాత్రం ఫైల్లోని అతి కష్టమైన గంటలు చూసే తేలుస్తారు.