ఓరుగల్లు ఇంట్లో తొట్టెడు సముద్రం

వరంగల్ నుంచి ఏ సముద్ర తీరం చేరాలన్నా రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ఇంత దూరంలో ఉండి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకునేవారు సాధారణంగా మొదట చేప ధర అడుగుతారు. ఖర్చుల జాబితాలో చేపది చివరి పద్దు. అంతకు చాలా ముందు నీరు, ఆ నీటిని చల్లగా ఉంచే ఏర్పాటు లెక్కకు రావాలి.

లెక్క కోసం 200 లీటర్ల తొట్టిని తీసుకుందాం. ఇంతకంటే చిన్నది చవకగా దొరుకుతుంది గాని, నీరు తక్కువయ్యేకొద్దీ దాని ఉప్పదనం, వేడి త్వరగా మారిపోతాయి కాబట్టి కొత్తవారికి చిన్న తొట్టే కష్టం. సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లెక్కన మొదటిసారి నింపడానికి 7 కిలోల ఉప్పు పడుతుంది. కిరాణా ఉప్పు ఇందుకు పనికిరాదు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం కూడా ఉంటాయి కనుక, అవన్నీ తగిన పాళ్లలో కలిపిన అక్వేరియం ఉప్పునే కొనాలి. వారానికి పదో వంతు నీరు మారిస్తే 700 గ్రాముల ఉప్పు చొప్పున ఏడాదికి 36 కిలోలు దాటుతుంది. తొట్టి బేరం చేసే ముందే ఆ 36 కిలోల ధర కనుక్కోవడం మంచిది.

ఆ ఉప్పును ఏ నీటిలో కలపాలన్నది తరువాతి ప్రశ్న. మన బోరు నీళ్లు రాతి పగుళ్లలోంచి ఖనిజాలను మోసుకొస్తాయి, నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇంట్లో తాగే ఆర్‌ఓ యంత్రాలలో చాలావాటికి రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి, వాటి నీటిని కూడా టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలను కొలిచే పరికరం) చూడకుండా పోయకూడదు. ఆ మీటరు సున్నాకు దగ్గరగా చూపాలి.

మన ప్రాంతంలో అసలు పరీక్ష ఎండాకాలం. ఉప్పునీటి చేపలకు 24 నుంచి 27 డిగ్రీల నీరు హాయి. మే నెలలో వరంగల్ గాలి 42 డిగ్రీలు దాటుతుంది. నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ పెడితే సమస్య తీరుతుంది గాని, 200 వాట్ల యంత్రం రోజుకు పది గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు అదనంగా కాలి బిల్లు పై శ్లాబులోకి వెళ్లవచ్చు. పైగా నీటిలోంచి తీసిన వేడిని అది అదే గదిలోకి వదులుతుంది. నా మట్టుకు ముందుగా ఒక చిన్న ఫ్యానుతో ప్రయత్నించమంటాను. రంజనులో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: తొట్టి నుంచి ఒక్క లీటరు నీరు ఆవిరైతే, 200 లీటర్ల నీటిని దాదాపు మూడు డిగ్రీలు చల్లార్చేంత వేడి దానితో పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ ఉపాయం అంత బాగా పారుతుంది. ఉక్కపోసే విశాఖలో కంటే మన పొడి ఎండలోనే దానికి బలం ఎక్కువ. అప్పటికీ నీరు 28 డిగ్రీల కిందికి దిగకపోతే చిల్లర్ తప్పదు.

ఫ్యానుకు ఒక చిక్కుంది. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. పది లీటర్లు తగ్గితే 35 గ్రాముల ఉప్పదనం 37కు చేరువవుతుంది. అంచు వెంట తెల్లగా కట్టిన ఉప్పు పొర కనిపించేసరికే ఆలస్యమైనట్టు. అందుకే గాజు మీద నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత గీసి, రోజూ ఆ గీత దాకా ఉప్పు కలపని శుద్ధమైన నీటినే పోయాలి.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా ఆలోచించాలి. 25 డిగ్రీల వద్ద మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ కరిగితే, సముద్రపు నీటిలో 7 కంటే తక్కువే కరుగుతుంది. వేడెక్కేకొద్దీ అదీ తగ్గుతుంది. అందుకే కరెంటు పోయినా నీరు కదులుతూ గాలి కలిసేలా, నీటిని తిప్పే చిన్న మోటారును ఇన్వర్టరుకు కలిపితే చాలు. ఇక బరువు: రాళ్లు, ఇసుక, గాజుతో కలిపి తొట్టి 300 కిలోలకు చేరుతుంది గనుక, కింది అంతస్తులో లేదా దూలం ఉన్న గోడ పక్కన పెట్టాలి.

నీరు నింపాక నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేని తొట్టినే చూస్తూ ఉండాలి. వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైటుగా, మరో జాతి దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండూ స్థిరపడేందుకు చిటికెడు అమ్మోనియాతో ఆహారమిస్తూ, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగేదాకా పరీక్ష కిట్టుతో చూసుకోవాలి.

చేపల్లో మొదటిసారికి క్లౌన్ చేపల జత సరిపోతుంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని సంతానోత్పత్తి కేంద్రాల్లో పెంచే పద్ధతిని రూపొందించింది కాబట్టి, సముద్రం నుంచి పట్టినవాటి జోలికి పోనక్కరలేదు. పగడాలు, సముద్ర గుర్రాలు మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఎవరైనా మన సముద్రపు పగడపు రాయిని చవకగా ఇస్తానన్నా తీసుకోకూడదు.

కార్తీకంలో నీరు నింపితే పుష్యం నాటికి చేపలను వదలవచ్చు, అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా ఫ్యాను పనితనం చూసుకోవడానికి రెండు మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.