పురుగు కనిపించని అడవి మీద విమానం ఎందుకు?

ఒక్క ఆకైనా రాలని అడవి మీద మందు చల్లడం దేనికి? అమెరికాలో స్పాంజీ మాత్ అనే, అడవుల ఆకులు తినేసే పురుగుపై ఫెరోమోన్ (మగ పురుగును ఆకర్షించే ఆడ పురుగు వాసన) ప్రయోగించే మాట వచ్చిన ప్రతిసారీ స్థానికులు అడిగే మొదటి ప్రశ్న ఇది. దానిపై వివాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఈ పురుగు యూరప్ నుంచి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చేరింది. కానీ జవాబు ఆ కథలో లేదు, 1990లలో జరిగిన ఒక మార్పులో ఉంది.

ఆడ పురుగు వాసనను 1970లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గుర్తించి, దానికి డిస్పార్లూర్ అని పేరు పెట్టారు. అంతకు పదేళ్ల ముందు ఇదే అని ప్రకటించిన పదార్థం పనిచేయదని తేలింది. అడవంతా ఈ వాసన పరుచుకుంటే మగ పురుగుకు ఆడదాని జాడ దొరకదు, జత కుదరదు. ఆలోచన చక్కనిదే. కానీ పురుగు విరగబడిన చోట అది ఫలించలేదు. ఒకే మానును వందల పురుగులు పట్టుకుని ఉంటే, మగదానికి వాసనతో పనేముంది? పాకుతూ వెళ్లినా ఆడది తగులుతుంది. 1981లో దాదాపు 1.3 కోట్ల ఎకరాల అడవి ఆకులు కోల్పోయింది. అంతటి ఉధృతిని ఆపే శక్తి ఫెరోమోన్‌కు లేదు.

1990లలో లెక్క తిరగబడింది. పురుగును మొత్తంగా తుడిచిపెట్టే ఆశ వదులుకుని, దాని విస్తరణను నెమ్మదింపజేయడమే లక్ష్యంగా పెట్టుకున్నారు. అమెరికాలోని ఆడ పురుగుకు ఎగరడం చేతకాదు. దాని గుడ్లు వాహనాలకూ కట్టెలకూ అంటుకుని ప్రయాణిస్తాయి. అలా ప్రధాన మూకకు చాలా ముందు చిన్న చిన్న స్థావరాలు వెలుస్తాయి. ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు వరుసగా పెట్టి వాటిని పసిగట్టి, ఫెరోమోన్ చల్లేది అక్కడే. పురుగు పలుచగా ఉన్నప్పుడే వాసన దానికి దారి తప్పిస్తుంది. పచ్చగా, నిండుగా కనిపించే అడవి మీద విమానం తిరిగేది అందుకే. ఏడాదికి దాదాపు 20 కిలోమీటర్లు సాగిన విస్తరణ సగానికి పైగా తగ్గింది. మోతాదు కూడా ఎకరాకు 30 గ్రాముల నుంచి 6 గ్రాములకు దిగింది.

వ్యతిరేకించేవారి భయానికి మూలం ఉంది. 1957లో ఇదే పురుగు పేరుతో విమానాలు ఇళ్ల మీదా, తోటల మీదా డీడీటీ కుమ్మరించాయి. 2007లో కాలిఫోర్నియాలో వేరొక పురుగు కోసం ఊళ్ల మీద ఫెరోమోన్ చల్లితే ఊపిరాడడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. మరుసటి ఏడాది పట్టణాలపై చల్లడం ఆపేశారు. డిస్పార్లూర్‌ను మోసే ప్లాస్టిక్ రేకులపై అభ్యంతరం న్యాయమైనదే. దానికి బదులు మైనపు మిశ్రమం కూడా వచ్చింది.

కానీ ప్రత్యామ్నాయం ఏమిటో కూడా చూడాలి. ఎక్కువగా వాడే బీటీ బాక్టీరియా మందు, ఆ సమయంలో ఆకు తింటున్న ఇతర గొంగళి పురుగులనూ చంపుతుంది. వాటిలో సీతాకోకచిలుకలవీ ఉంటాయి. డిస్పార్లూర్ దేన్నీ చంపదు, ఈ పురుగు జతను మాత్రమే చెడగొడుతుంది. దానికి దొరికే గడువు మాత్రం చిన్నది. వాదనల్లో రెండు మూడు వేసవులు గడిచి, ఒక్కో ఆడ పురుగు వందల గుడ్లు పెడుతూ పోయి, బుట్టలు మగ పురుగులతో నిండే దశకు వస్తే ఫెరోమోన్‌తో చేయగలిగేది ఏమీ మిగలదు. అప్పుడు విమానం తెచ్చేది బీటీనే.