కుడివైపు నొప్పి రాగానే కత్తేనా?

పిల్లలందరికీ ఆశీస్సులు.

‘ఇరవై నాలుగు గంటల నొప్పి’, అంటే అపెండిక్స్ వాపు, అనగానే మన ఇళ్లలో ఒకరు ఆముదం తెస్తారు, ఇంకొకరు కాపడం పెడతారు. రెండూ వద్దు. అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో వేలాడే, ఒకవైపు మూసుకుపోయిన సన్నని గొట్టం. దాని నోటికి గట్టిపడిన మలం అడ్డుపడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, రక్తం ఆడదు, గోడ కుళ్లుతుంది. అప్పుడు విరేచనాల మందు వేస్తే అది చిట్లే ప్రమాదం ఎక్కువ.

నొప్పి ముందు బొడ్డు చుట్టూ వస్తుంది. పేగు నరాలకు చోటు కచ్చితంగా చెప్పడం చేతకాదు మరి. వాపు పొట్ట గోడ లోపలి పొరను తాకాకే నొప్పి కుడివైపు కిందికి దిగుతుంది. బొడ్డు నుంచి కుడి తుంటి ఎముక మొనకు గీత గీస్తే, మొన వైపు నుంచి మూడో వంతు దగ్గర నొక్కి చూస్తారు. న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ 1889లో చెప్పిన చోటది. ఎడమవైపు నొక్కినా కుడివైపు నొప్పెడితే అనుమానం బలపడుతుంది. డాక్టరు దగ్గమన్నా, గెంతమన్నా నవ్వకండి, అదీ పరీక్షే.

1986 నాటి ఆల్వరాడో పద్ధతిలో పదికి మార్కులేస్తారు. కుడి కింద నొక్కితే నొప్పికి 2, తెల్ల రక్తకణాలు పెరిగితే 2, ఆకలి లేకపోవడం, వాంతి, జ్వరం లాంటివాటికి ఒక్కొక్కటి. ఏడు గానీ అంతకు మించి గానీ వస్తే సర్జన్ సిద్ధమవుతారు. మధ్యలో ఉంటేనే తంటా. అల్ట్రాసౌండ్‌లో గొట్టం 6 మిల్లీమీటర్లకు మించి లావుగా, నొక్కినా అణగకుండా ఉంటే అది వాచినట్టే. కనిపించలేదంటే మాత్రం జబ్బు లేదని కాదు, పేగులో గాలి అడ్డొచ్చి ఉండవచ్చు. ఆడపిల్లల్లో అండాశయం మెలిపడినా, ఎవరికైనా మూత్రనాళంలో రాయి ఉన్నా ఇలాంటి నొప్పే వస్తుంది. అందుకే కొన్ని గంటలు ఆగి, వీలైతే అదే డాక్టరు మళ్లీ చెయ్యి వేసి చూడటం నా దృష్టిలో చాలా స్కాన్ల కన్నా మేలు.

ఆపరేషన్ ఇప్పుడు ఎక్కువగా లాపరోస్కోపీతోనే, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పంపి చేసేది. బొడ్డు దగ్గర 10 మిల్లీమీటర్ల రంధ్రం, ఇంకో రెండు 5 మిల్లీమీటర్లవి. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బిస్తారు. ఆ గ్యాస్ వల్లే తర్వాత భుజం లాగుతుంది. వాపులో అపెండిక్స్ కనబడకపోతే పెద్దపేగు మీది మూడు కండర పట్టీల వెంట వెళ్లాలి, అవి కలిసేచోటే దాని మొదలు. రక్తనాళాన్ని కాల్చి మూసి, అపెండిక్స్ మొదలు దగ్గర దారపు ఉచ్చులు బిగించి, వాటి అవతల కత్తిరించి, సంచిలో పెట్టి బయటికి తీస్తారు. మిగిలిన మొదలు ముక్కను పొడవుగా వదిలేస్తే అదే మళ్లీ వాచవచ్చు.

చిట్లనివాటికి యాంటీబయాటిక్స్ కూడా ఒక దారి. 2020లో వచ్చిన అమెరికా అధ్యయనంలో అలా మందులు వాడిన పెద్దవాళ్లలో, 90 రోజుల్లో పదికి దాదాపు ముగ్గురికి ఆపరేషన్ తప్పలేదు. గొట్టంలో రాయిలాంటి మలం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువమందికి.

కొన్ని రోజులు ఆలస్యమై పేగులూ, వాటి ముందు వేలాడే కొవ్వు పొరా అపెండిక్స్‌ను చుట్టుకుని గడ్డకట్టిపోతే చాలామంది సర్జన్లు వెంటనే కోయరు. అతుక్కున్న పేగు చిరగవచ్చు. ముందు మందులిస్తారు, చీముంటే సూదితోనో గొట్టంతోనో తీస్తారు. చిన్నపిల్లల్లో ఆ కొవ్వు పొర పలచన, చీమును ఆపలేదు. వాళ్ల విషయంలో తెల్లారేదాకా ఆగకుండా, ఏమీ తినిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇట్లు,
మీ డాక్టరు తాతయ్య